గుసగుస రాని బాబాయ్

మా మైకు బాబాయ్‌కి గుసగుస రాదు. ఈత రానివాళ్ళుంటారు, సైకిలు రానివాళ్ళుంటారు, ఈయనకు గుసగుస రాదు. అవతలివాళ్ళ చెవి దగ్గర నోరు పెట్టి, అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు అటూ ఇటూ తిప్పి, రహస్యానికి కావలసిన సరంజామా అంతా సిద్ధం చేసుకునేవాడు. తీరా నోరు తెరిచాక వచ్చే మాట వీధి చివర రిక్షావాడికి కూడా అక్షరం పొల్లుపోకుండా వినపడేది. ఇలాంటి మనిషి ఎక్కడ పనిచేశాడనుకున్నారు? సంతలో కాదు. గ్రంథాలయంలో.

నాలుగంతస్తుల గ్రంథాలయం మాది. నేను కింద, రీడింగ్ రూమ్ పక్కన, పుస్తకాలిచ్చే కౌంటర్లో కూర్చునేదాన్ని. బాబాయ్ సెల్లార్లో బైండింగు చేసేవాడు. చిరిగిన పుస్తకాన్ని విప్పి, కుట్టి, జిగురు పూసి, కొత్త అట్ట వేసి పైకి పంపేవాడు. ఆయనకు మాలో ఎవరితోనూ చుట్టరికం లేదు. అందుకే అందరికీ బాబాయ్ అయ్యాడు. మైకు అన్నది మాత్రం కష్టపడి సంపాదించుకున్న బిరుదు.

"బాబాయ్, కాస్త నెమ్మదిగా మాట్లాడండి."

"నెమ్మదిగానే మాట్లాడుతున్నానమ్మా!"

మూడో అంతస్తులో ఎవరో "ష్" అనేవారు.

"చూశావా, వాళ్ళకి కూడా వినపడలేదు, అందుకే అడుగుతున్నారు," అనేవాడు బాబాయ్. "అట్టలు కోసే మిషను పక్కన బతికి బతికి గొంతు ఇలా తయారైంది. నన్నేం చెయ్యమంటావు?"

ఇక్కడ మా పుస్తకాల లిఫ్టు గురించి చెప్పాలి. మనుషులు ఎక్కేది కాదు. సెల్లారు నుంచి నాలుగో అంతస్తు దాకా గోడలో ఒక ఇరుకు దారి, అందులో తాడుకు వేలాడే పెట్టె. పుస్తకాలు పెట్టి గంట కొడితే పైకి లాగుతారు. ప్రతి అంతస్తులోనూ ఒక మూల దానికో చిన్న తలుపు. నాలుగో అంతస్తు తలుపు డైరెక్టరుగారి గది బయటే. పాఠకులెవరూ ఆ మూలలకు రారు. కాబట్టి మా ఉద్యోగులం ఎవరి మీద ఏం చెప్పుకోవాలన్నా ఆ లిఫ్టు తలుపుల దగ్గరే గుసగుసలాడుకునేవాళ్ళం. ఆ దారి కింద చివర ఎవరి చెవి ఉందో ఒక్కరికీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం కదా!

ఒకసారి డైరెక్టరుగారు సాయంత్రం పూట రీడింగ్ రూమ్ మూసెయ్యాలని చడీచప్పుడు లేకుండా నిర్ణయించారు. మర్నాడు ఆయన మెట్లు దిగుతుంటే బాబాయ్ ఎదురెళ్ళి, అరచెయ్యి అడ్డం పెట్టి, "సార్, రేపట్నుంచి సాయంత్రాలు మూసేస్తున్నారటగా! నేనెవరికీ చెప్పన్లెండి!" అన్నాడు. రీడింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి తలెత్తారు. పగలంతా పనిచేసుకుని సాయంత్రం పరీక్షలకు చదువుకునే పిల్లలు వాళ్ళు. డైరెక్టరుగారు కొయ్యబారిపోయి, "అబ్బే, ఎవరన్నారు? అలాంటిదేం లేదు," అన్నారు. అన్నాక ఇంకేం మూస్తారు?

ఇంకోసారి పాత పత్రికల సెక్షన్ ఆఫీసరు. ర్యాకుల మధ్య కొత్తగా చేరిన అమ్మాయిల భుజాల మీద చెయ్యి వెయ్యడం ఆయనకొక జబ్బు. బాబాయ్ ఒకరోజు ఆయన చెవిలో, "సార్, మీ చెయ్యి నొప్పిగా ఉందా? ఎప్పుడు చూసినా ఏదో ఒక అమ్మాయి భుజం మీద ఆనిస్తున్నారట! మంచి డాక్టరున్నాడు, చెప్పమంటారా!" అన్నాడు. ఆ చెవి సంగతి నాకు తెలియదు గానీ, ఆ నెలలోనే ఆఫీసరు ఇంకో ఊరికి బదిలీ అడిగి మరీ చేయించుకున్నాడు.

అంచేత బాబాయ్‌కి రహస్యం చెప్పడమంటే దండోరా వేయించుకోవడమేనని మాకందరికీ తెలుసు. తెలిసి కూడా నేనొకసారి నోరు జారాను. ఒక డాక్టరు చెప్పిన మాట గుండెల మీద మోసుకుంటూ సెల్లార్లోకి వెళ్ళి, అట్టలూడిన నిఘంటువుల మధ్య కూర్చుని ఏడుస్తుంటే, "ఏమైందమ్మా!" అని అరిచాడు. చెప్పేశాను. మర్నాడు భవనమంతా నన్ను పరామర్శిస్తుందని పళ్ళు బిగబట్టుకుని వచ్చాను. ఎవరూ కిక్కురుమనలేదు. మిషను చప్పుడులో ఆయనకు వినపడి ఉండదులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఇక అసలు కథ. మూడో అంతస్తులో పిల్లల విభాగం. అక్కడ కథలమ్మాయి ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. కుందేలు కథ చెప్పేటప్పుడు తప్ప గొంతు పెంచగా ఎవరూ వినలేదు. యుద్ధం వార్తలు చూసి చూసి, ఒక రోజు తెల్లకాగితం మీద రంగు పెన్సిళ్ళతో ఒక బడి బొమ్మ గీసి, కింద రెండు మాటలు రాసి తన బల్ల వెనక అంటించుకుంది. "పాలస్తీనా పిల్లలకూ కథలు కావాలి. వాళ్ళను బతకనివ్వండి."

ఇంతే. ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. ఆ మర్నాటి నుంచి నా బల్ల మీది ఫోను ఆగలేదు.

"మీ దగ్గర ఉగ్రవాదులు పిల్లలకు కథలు చెబుతున్నారటగా?"

"కుందేలు కథండీ," అన్నాను.

"ఆవిడని తీసేస్తారా, మమ్మల్ని రమ్మంటారా?"

మనుషులు ఇంత మాట అనగలరని నాకప్పటిదాకా తెలియదు. ఆ పిల్లను పేరు పెట్టి తిట్టారు. ఆమె ఇల్లెక్కడో అడిగారు. కుందేలు కథలో తోడేలు గొంతు పెట్టడం కూడా చేతకాని పిల్ల మీద ఇంత విషమా అని మతిపోయింది.

డైరెక్టరుగారు ఆమెను పిలిపించారు. ఫోన్ల సంగతి చెప్పడానికి నన్నూ పిలిచారు.

"కాగితం తీసేశాం. నువ్వు క్షమాపణ చెప్పు. లేదా ఉద్యోగం వదులుకో. శుక్రవారం దాకా టైమిస్తున్నాను," అన్నారు.

"పిల్లలు బతకాలన్నందుకు క్షమాపణ చెప్పాలా సార్?"

"అది కాదమ్మా. ఇక్కడికి అన్ని రకాల వాళ్ళూ వస్తారు. మన పాఠకురాలే ఒకావిడ బాధపడుతూ రాశారు."

"ఆవిడెవరో చెప్పండి, నేనే వెళ్ళి మాట్లాడతాను."

"అలా కుదరదు," అన్నారాయన, కిటికీ వైపు చూస్తూ.

ఆ ఉద్యోగం మీదే ఆ పిల్లా, వాళ్ళమ్మా బతుకుతున్నారు.

ఆ తర్వాత మొదలయ్యాయి గుసగుసలు. ఎక్కడ? లిఫ్టు తలుపుల దగ్గరే! ఒక్కొక్కరూ ఆ పిల్లను పక్కకు లాగి, "మేమంతా నీ వెనకే ఉన్నామమ్మా," అనేవారు. "నా మనసంతా నీవైపే, కానీ నా పేరెత్తకు," అన్నాడు రెండో అంతస్తు గుమస్తా. "నువ్వన్నది అక్షరాలా నిజం. నేనన్నానని మాత్రం అనకు," అంది లెక్కల సెక్షన్ ఆవిడ. నేనూ ఏం తక్కువ తినలేదు, అక్కడే, అంతే చిన్న గొంతుతో చెప్పాను. చివరికి డైరెక్టరుగారు కూడా నాలుగో అంతస్తు మూల నిలబడి ఫోన్లో వాళ్ళావిడతో, "పాపం, ఆ పిల్ల తప్పేం లేదే. పైవాళ్ళంటే నాకే భయం," అన్నారట.

గురువారం కథలమ్మాయి నా కౌంటరు దగ్గరికి వచ్చింది. "అక్కా, ఇంతమంది నావైపు ఉన్నారని ఇప్పుడే తెలిసింది. మరి ఒక్కరి గొంతూ వినపడదేంటక్కా?" అంది. నేను తేదీ ముద్ర తీసుకుని, ఒకే పుస్తకం మీద రెండుసార్లు కొట్టాను.

శుక్రవారం వచ్చింది. రీడింగ్ రూమ్ నిండా జనం, సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. లిఫ్టు గంట గణగణమని మోగింది. ఆ వెనకే ఇరుకు దారిలోంచి, నాలుగంతస్తుల తలుపుల్లోంచి ఒకేసారి, భవనమే మాట్లాడుతున్నట్టు ఒక గొంతు పైకి తన్నుకొచ్చింది.

"కథలమ్మాయ్! ఒక రహస్యం చెప్పాలి! ఎవరూ వినకుండా లిఫ్టు దగ్గరికి రామ్మా!"

చేతిలో పుస్తకం జారి నా కాలి మీద పడింది.

"నువ్వు రాసినదాంట్లో తప్పు లేదమ్మా! ఇది నా మాట! క్షమాపణ చెప్పకు! రెండో అంతస్తు గుమస్తా కూడా నీవైపేనట, పాపం పేరెత్తొద్దన్నాడు! లెక్కల ఆవిడ అక్షరాలా నిజమంది, ఆవిడ అన్నదని అనకు! కౌంటర్లో అమ్మాయి కూడా అంతే! మన డైరెక్టరుగారు బంగారంలాంటి మనిషి, నీ తప్పేం లేదని ఇంట్లో చెప్పుకుని బాధపడుతున్నారు, ఆయనకు పైవాళ్ళంటే భయం, అంతే! ఇదంతా నీ కడుపులో పెట్టుకో! ఎవరికీ తెలియకూడదు!"

ఎవరూ "ష్" అనలేదు. గుమస్తా మెట్ల మీద ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టి అలాగే ఆగిపోయాడు. డైరెక్టరుగారు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే దిగివచ్చారు. "నేను... నేనలా ఎప్పుడన్నాను?" అన్నారు గానీ, గొంతులో బలం లేదు.

"అన్నారు సార్. నేనూ అన్నాను," అన్నాడు గుమస్తా. అన్నాక తన నోటిని తానే నమ్మలేనట్టు తడుముకున్నాడు. లెక్కల ఆవిడ, "నేనూ," అంది. "నేనూ," అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అప్పుడు కిటికీ పక్క కుర్చీలోంచి పత్రికలావిడ లేచింది. రోజూ వచ్చి అన్ని పత్రికలూ మొదటి నుంచి చివరిదాకా చదివే పెద్దావిడ.

"ఫిర్యాదు రాసింది నేనే," అంది. "మా అన్నయ్య కూతురు అక్కడే, పాలస్తీనా సరిహద్దుకి అవతలి దేశంలో ఉండేది. యుద్ధం మొదలైన రోజు దాడిలో చంపేశారు. ఆ కాగితం చూసి నాకు బాధేసింది. ఆ మాటే రాశాను. ఉద్యోగం తీసెయ్యమని నేనెక్కడ రాశాను డైరెక్టరుగారూ?"

డైరెక్టరుగారు మెట్టు మీద కూలబడ్డారు.

కథలమ్మాయి కిందికి దిగి వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడింది. "మీ అమ్మాయి సంగతి నాకు తెలియదండీ. తెలిస్తే మీ దగ్గరికి వచ్చి కూర్చునేదాన్ని. కానీ ఆ కాగితం తప్పని మాత్రం అనలేను."

"అనకు. నేనూ దాన్ని మెచ్చుకోను," అంది పత్రికలావిడ. ఇద్దరి కళ్ళూ నిండాయి. "రేపు మా మనవరాలిని కథకు తీసుకొస్తాను. ఆ తోడేలు గొంతు కాస్త సరిగ్గా పెట్టు, పిల్లలు నవ్వుతున్నారు."

కాగితం మళ్ళీ గోడెక్కింది. డైరెక్టరుగారే స్టూలెక్కి, చెమటలు కక్కుతూ అంటించారు. ఫోన్లు ఇంకొన్నాళ్ళు మోగాయి. ఈసారి ఎవరు దగ్గరుంటే వాళ్ళు ఎత్తి జవాబు చెప్పారు.

ఆ సాయంత్రం బాబాయ్ హడావుడిగా వెళ్ళిపోతూ కళ్ళజోడు మరచిపోయాడు. ఇచ్చి, నాలుగు చీవాట్లు పెట్టి, అటునుంచి అటే దణ్ణం కూడా పెడదామని వాళ్ళింటికి వెళ్ళాను. అంత గొంతున్న మనిషి ఇల్లు కదా, వీధి మొదట్లోనే వినపడుతుందనుకున్నాను. ఏమీ వినపడలేదు. పిన్నిగారు తలుపు తీసి, "చెప్పులు మెల్లగా విప్పమ్మా. నాకు చప్పుడు పడదు, తలనొప్పి. ఏళ్ళ తరబడి ఇదే గోల," అంది.

"మరి బాబాయ్ గొంతు ఎలా భరిస్తారు పిన్నిగారూ?"

"ఆయన గొంతా?" ఆవిడ వింతగా చూసింది. "ఆయన మాట వినాలంటే నేనే దగ్గరికి జరగాలి."

లోపల్నుంచి బాబాయ్ వచ్చాడు. పిల్లిలా వచ్చాడు. నా పక్కన కూర్చుని, దూదిలాంటి గొంతుతో, పిన్నిగారికి కూడా వినపడకుండా, "ఆ పరీక్ష ఈ ఏడాది మళ్ళీ చేయించుకున్నావా తల్లీ? అంతా బాగానే ఉందన్నారా?" అని అడిగాడు.

నాకు దిమ్మ తిరిగిపోయింది. నిఘంటువుల మధ్య నేను ఏడ్చిన రోజు ఆయన ప్రతి మాటా విన్నాడు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నాడు. ఎవరినో తొక్కేస్తున్న రహస్యాలే ఆ నోటి నుంచి జారాయి తప్ప, ఒకరి కన్నీళ్ళు ఎన్నడూ జారలేదు. ఇంత దొంగ మనిషిని నేనెక్కడా చూడలేదు.

"బాగానే ఉంది బాబాయ్," అన్నాను ఎలాగో. "అయితే మీకు గుసగుస వచ్చన్నమాట!"

"ష్!" బాబాయ్ కంగారుగా నా చెవి దగ్గరికి వంగాడు. "ఆఫీసులో అనకు. నా పరువు పోతుంది."

మాటిచ్చాను. మర్నాడు పొద్దున్నే కౌంటర్లో కూర్చుని ఇంకా ముద్ర కూడా తియ్యలేదు, లిఫ్టు గంట గణగణమంది.

"కౌంటరమ్మాయ్! నిన్న నువ్వు మా ఇంటికొచ్చిన సంగతి నేనెవరికీ చెప్పలేదమ్మా!"

మూడో అంతస్తులో ఎవరో "ష్" అన్నారు. ఆ వెనకే కథలమ్మాయి నవ్వు వినపడింది.