చర్చి యాడ, రొట్టెలంగడి యాడ

ఆ రోజుల్లో, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా జమ్మలమడుగులో మద్రాసు చూసొచ్చినవాడికే పెద్దపీట. అలాంటిది నేను విద్యార్థుల మార్పిడి కింద జర్మనీకి పోతున్నానంటే ఎర్రగుంట్ల స్టేషనుకు సగం ఊరు కదిలింది. ప్రొద్దుటూరు మామ నా మెడలో దండ వేసి, చెవిలో మాత్రం "అల్లుడా, ఫెయిలై వస్తే ఈడ దిగొద్దు. ముద్దనూరులో దిగి నడ్సుకుంటా రా" అన్నాడు. (ఆశీర్వచనం అంటే మా వైపు ఇంతే.)

పోయినాక తెలిసింది, ఆర్నెల్లలో వాళ్ళ భాషలో పరీక్ష పాసైతేనే చదువు, లేకుంటే తిరుగు ఓడ అని. ఆ భాషతో నేను పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు. చెంచా మగదట, ముళ్ళచెంచా ఆడదట, కత్తి రెండూ కాదట. చేత్తో సంగటి ముద్ద మింగినవాడికి ఈ లింగభేదాలతో ఏం పనో నాకిప్పటికీ అర్థం కాదు. ఇది చాలదన్నట్టు, నా గదిలోనే ఉండే బందరు మిత్రుడు జర్మన్ వదిలేసి నా తెలుగు దిద్దేవాడు. "యాడ ఏవిటండీ బాబూ, శుభ్రంగా ఎక్కడ అనలేరూ?" అనేవాడు. "ఈడ నా తెలుగు వింటాండేది నువ్వొక్కనివే కదప్పా" అని నేను విసుక్కునేవాణ్ణి.

మౌఖిక పరీక్షనాడు ఒక పెద్దావిడ, నవ్వంటే ఏమిటో ఎరగని మనిషి, గోడ మీద ఒక ఊరి బొమ్మ చూపించి, చర్చి ఎక్కడుందని జర్మన్‌లో అడిగింది. భయానికి నేర్చుకున్నదంతా ఆవిరైపోయింది. బొమ్మ మీద వేలు పెట్టి వెతుక్కుంటూ "యాడ?" అని గొణిగాను. వేలు చర్చి శిఖరం దగ్గరికి చేరేసరికి ఆవిడ తల ఊపి మార్కు వేసింది. తర్వాత స్టేషను అడిగింది. రైలుపట్టాలు వెతుకుతూ మళ్ళీ "యాడ?" అన్నాను. ఇంకో మార్కు. ఎందుకు వేస్తోందో తెలియక నాకు మరింత చిరాకెత్తింది. మూడోసారి రొట్టెలంగడి అడిగితే ప్రాణం విసిగి, కొంచెం గట్టిగానే "యాడ?" అన్నాను. చెమటకు జారిన వేలు ఆగినచోట అంగడే ఉంది కాబోలు, ఆవిడ మొదటిసారి నవ్వింది.

బయటికొచ్చి ఇదంతా చెబితే బందరు మిత్రుడు తల పట్టుకున్నాడు. "వాళ్ళకు యా అంటే అవును, డా అంటే అక్కడ. మీరు ఎక్కడా అని ఏడుస్తుంటే, అవును, అక్కడే అంటున్నారనుకుందండీ ఆవిడ." అలా అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆ తర్వాత ఆయన నా తెలుగు జోలికి రాలేదు. చదువు ముగించుకుని వచ్చినప్పుడు ఎర్రగుంట్లలోనే దిగాను.

ఇప్పుడు ఆ భాష ఒక్క ముక్క గుర్తులేదు. పొద్దున లేచింది మొదలు "నా అద్దాలు యాడ?" అని ఇల్లంతా తిరుగుతుంటాను. ఈ కథ విని విని విసిగిపోయిన నా భార్య నా వైపొకసారి చూసి "యా, డా" అంటుంది. తడుముకుంటే నెత్తి మీదే ఉంటాయి. ఏమీ తెలియకపోయినా వేలు సరైన చోటికి జారే అదృష్టం ఆ వయసుకే ఉన్నట్టుంది.