అత్తమ్మ అనుమానం

అప్పుడు నాకు తొమ్మిదో నెల. కాశిబుగ్గలో అత్తగారింట్లోనే ఉన్నాను. నా ఒంట్లో ఏదో బ్యాక్టీరియా ఉందని, కాన్పులో బిడ్డకు సోకవచ్చని పరీక్షలో తేలింది. అంతే, ఆ సాయంత్రానికే నా కంచం, గ్లాసు విడిగా కిటికీ గూట్లోకి చేరాయి.

"ఏడికెల్లి అంటిచ్చుకొచ్చినవ్?" అని అత్తమ్మ నిలదీసింది. మా ఆయన తల దించుకున్నాడు. అది చూసి, ఆయనే ఎక్కడినుంచో తెచ్చి నాకు అంటించాడేమోనని అనుమానం వచ్చింది.

మర్నాడు ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

"ఇది ఎవరో అంటించిన రోగం కాదమ్మా. చానామంది ఆడోళ్ల ఒంట్ల ఊరికే ఉంటది. నొప్పులు మొదలుకాంగనే సూదిమందు ఇస్తే బిడ్డకు ప్రమాదం తగ్గుతది" అందామె.

అత్తమ్మ నమ్మలేదు. "మా కాలంల ఎవ్వరికి లేకపాయె గదా?"

"అప్పుడు ఈ పరీక్ష ఎవరు చేసిన్రమ్మా?"

అత్తమ్మ మెల్లగా అడిగింది.

"నా పెద్దబిడ్డ పుట్టిన తెల్లారే పాలు మానేసి, జరమొచ్చి పోయింది. గాలి సోకిందన్నరు. గప్పుడు నాక్కూడ గిదే ఉండెనా మేడం?"

"ఉండొచ్చు. ఇప్పుడు చెప్పలేం."

ఆ పాప సంగతి మా ఆయనకు కూడా అప్పటిదాకా తెలియదు.

నొప్పులు వచ్చిన రోజు దవాఖానలో, నర్సు బయటికి పంపిన కాసేపు తప్ప అత్తమ్మ నా మంచం వదల్లేదు. అప్పుడే సూది ఇచ్చామని నర్సు చెప్పినా నమ్మకుండా, "నా కండ్ల ముంగట ఇయ్యలే గదా? ఆ సీసా చూపెట్టు" అని అడ్డంగా నిలబడింది.

పాప క్షేమంగా పుట్టింది. ఒకప్పుడు నన్ను ఏడిపించిన ఆ అనుమానం ఇప్పుడు ఉయ్యాల దగ్గర కాపలా కాస్తోంది. చేతులు కడుక్కోకుండా వెళ్తే నన్ను కూడా రానివ్వదు.