డీలక్స్ అంటే ఏమిటో చెప్పిన పర్శరాములు

హుజూరాబాద్‌లో కార్ల విషయానికొస్తే పర్శరాములు మాటే ఆఖరి మాట. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పత్తి మిల్లు పటేల్ రాజిరెడ్డి దగ్గర స్టీరింగు పట్టాడు, పదహారేళ్లు వదల్లేదు. ఎవరి జీపు దగ్గినా, ఎవరి లారీ మొరాయించినా ముందు అతనికే కబురు. బానెట్ దగ్గర చెవి పెట్టి రోగమేదో చెప్పేసేవాడు. చదువు మాత్రం సున్న. ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. అబ్బా, ఒకసారి పేరు వచ్చాక "నాకు తెలియదు" అనడం ఎంత కష్టమో! గొంతు దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికే పోతుంది.

ఏటా పత్తి బేరానికి పటేల్ ఆదిలాబాద్ వెళ్లాలి. నిర్మల్ దాటి కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కేసరికి పాత కారు కాగిపోయి, ఆవిరి కక్కి, మూడు చోట్ల ఆగేది. పేరు రాయించుకుని మూడేళ్లు కాచుకున్నాక, అరవై అయిదులో కొత్త కారు వంతు వచ్చింది. పటేల్ పర్శరాములును వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లాడు.

దుకాణంలో చూస్తే ఒకే కారు రెండు పేర్లతో నిలబడి ఉంది. ఒకటి స్టాండర్డ్. రెండోదాని వెనక మెరిసే అక్షరాల్లో డీలక్స్ అని ఉంది, అది రెండు వేలు ఎక్కువ. అమ్మేవాడు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయాడు. పటేల్‌కు అందులో సగం కూడా ఎక్కలేదు.

"పర్శా, గీ రెంటికి ఫరకేందిరా?"

డీలక్స్ అన్న మాట పర్శరాములు వినడం అదే మొదటిసారి. కానీ బుర్ర ఊరుకుంటుందా? కరీంనగర్ బస్టాండులో రోజూ చూసేదే గుర్తొచ్చింది. దమ్మున్న కొత్త బస్సుకు ఎక్స్‌ప్రెస్ బోర్డు కట్టేవాళ్లు, ముసలి బస్సుకు ఏదీ ఉండేది కాదు. పేరు పెద్దదైతే ఇంజనూ పెద్దదేనని లెక్క కట్టాడు.

"డీలక్స్ అంటే ఇంజన్‌కు బలమెక్కువ పటేలా. ఘాటు మీద రొప్పది."

"పక్కానా?"

"నా మీద ఇడిసిపెట్టున్రి."

పటేల్ అతని మీదే వదిలిపెట్టి డీలక్స్‌కే పైసలు కట్టాడు. బయటికి వస్తుంటే ఆ అమ్మేవాడు సంబరంగా పర్శరాములు భుజం తట్టి, చేతిలో సిగరెట్టు పెట్టాడు. పటేల్ అది చూశాడు.

దసరా వెళ్లాక మొదటి ప్రయాణం. ఘాటులో రెండో మలుపు తిరిగేసరికే కొత్త కారు బుసలు కొట్టడం మొదలుపెట్టింది. నీళ్లు పోస్తూ, ఆగుతూ, ఎలాగో ఇచ్చోడ చేర్చారు. అక్కడ మెకానిక్ ముత్తయ్య బానెట్ ఎత్తి చూసి, సంగతి విని పకపకా నవ్వాడు.

"డీలక్స్ అంటే ఇంజన్ గాదు పటేలా, సోకు! గడియారం, మెత్తటి సీట్లు, సుట్టూత మెరుపు పట్టీలు, రెండు హారన్లు. ఇంజన్ గదే, స్టాండర్డ్‌కున్నదే. పెండ్లిపిల్లకు నగలు వెడితే రెక్కల బలం వస్తదా?"

పర్శరాములుకు భూమి చీలితే బాగుండుననిపించింది. ఆదిలాబాద్ దాకా, తిరిగి హుజూరాబాద్ దాకా పటేల్ నోరు విప్పలేదు. నాలుగు తిట్లు తిట్టినా ప్రాణం కుదుటపడేది.

మర్నాడు మిల్లుకు పిలిపించాడు. "గా దుకాణపోడు నీకెంత ఇచ్చిండు?"

"అయ్యో, బాసర తల్లి మీద ఒట్టు పటేలా! పైస ముట్టలే. తెల్వక జెప్పిన. డీలక్స్ అంటే ఏందో నాకు తెల్వది. సదువు రాదు నాకు."

పదహారేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది.

పటేల్ నమ్మలేదు. "నీకు తెల్వదా? చప్పుడు ఇని ఏ నట్టు వదులైందో జెప్పేటోనివి, కారు సంగతి తెల్వదంటే నేను నమ్మాల్నా? తిన్ననని ఒప్పుకో, మాఫ్ జేస్త. తినని డ్రైవర్ ఎవడున్నడు? గని నా మొకం మీద అబద్ధమాడితె మాత్రం తాళం ఆడ వెట్టి పో."

ఎంత అన్యాయం! ఉన్న నిజం చెబితే కొలువు పోతుంది, లేని దొంగతనం ఒప్పుకుంటే ఉంటుంది. ఇంట్లో నలుగురు పిల్లలు. దొంగని తరిమేశారంటే కరీంనగర్ దాకా ఏ షావుకారూ బండి ఇవ్వడు.

"తీస్కున్న పటేలా. మాఫ్ జెయ్యున్రి."

"గీ మాట ముందే జెప్తే అయిపోతుండె గదరా!" పటేల్ మనసు తేలికపడి వీపు తట్టాడు. "పో, బండి తియ్యి."

పొద్దుగూకాక ఇంటికి వచ్చి, పెండ్లాం సత్తవ్వ ముందు కూలబడి అంతా చెప్పుకున్నాడు. ఎక్స్‌ప్రెస్ బోర్డు నుంచి వీపు తట్టడం దాకా ఒక్క ముక్క దాచలేదు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. కనీసం ఈవిడైనా పటేల్‌ను దుమ్మెత్తిపోస్తుందని ఎదురుచూశాడు.

సత్తవ్వ లేచి తలుపు దగ్గరికి వేసింది. పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"ఏడ్వకయ్యా. అయ్యిందేదో అయ్యింది. నాతోనన్న నిజం జెప్పు, గా పైసలు యాడ వెట్టినవ్?"