రెండోసారి తీసే నెత్తురు

మా మేడమ్ పోయిన గురువారం కన్నుమూశారు. జగదల్‌పూర్‌లో మేం పనిచేసే ఆసుపత్రిలో ఐసీయూకి ఆవిడే పెద్ద డాక్టరు. డాక్టరుగా నాకు పని నేర్పిందీ ఆవిడే. ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్, మేం రోజూ చూసే జబ్బే, ఆవిడను తీసుకుపోయింది. నాకింకా నమ్మకం కుదరడం లేదు.

బైలదిల్లా గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన తెలుగావిడ. ఒక ప్రశ్న పట్టుకున్నారంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఆవిడకున్న పిచ్చల్లా ఒకటే. కిడ్నీయో కాలేయమో చేతులెత్తేసే ముందు రక్తంలో ఆ సంగతి తెలుస్తుందా? లాక్టేటు, క్రియాటినిన్, బిలిరుబిన్‌ల గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవారు. "రక్తం జోస్యం చెప్పదమ్మా, చాడీలు చెబుతుంది. నిజమో కాదో మనమే కనుక్కోవాలి" అనేవారు.

ఒక వానాకాలం కొంటా దగ్గరి పల్లె నుంచి జ్వరంతో ఒకామె వచ్చింది. నవ్వుతూ మాట్లాడుతోంది, బీపీ బాగానే ఉంది. ఒంటికి ప్రాణవాయువు చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేటు మాత్రం కాస్త ఎక్కువ. వార్డుకు పంపేద్దామన్నాను. మేడమ్ ఒప్పుకోలేదు, కాసేపాగి మళ్ళీ రక్తం తీయమన్నారు. సూది చూడగానే ఆమె భర్త అడ్డం నిలబడ్డాడు.

"పొద్దుగాల నెత్తురు తక్కువున్నదంటిరి. మళ్ల తీసుడేంది డాక్టరమ్మా?"

న్యాయమైన ప్రశ్న. మేడమ్ స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మీ ఊరి దగ్గర శబరి ఏరు పొంగితే మీరేం చేస్తారయ్యా?"

"నీళ్ల అంచుకు పుల్ల గుచ్చుతం."

"గుచ్చి?"

"జరసేపాగి చూస్తం. పుల్ల మునిగితే సామాను ఎత్తుకుంటం."

"పొద్దున మేం గుచ్చింది పుల్ల. మునిగిందో లేదో ఇప్పుడు చూడాలి."

అంతటితో ఆపితే ఆవిడ మా మేడమ్ ఎందుకవుతారు? ఏ కర్ర పుల్ల, ఎవరు చూస్తారు, గోదావరి పొంగి శబరి నీళ్ళను ఎదురు తన్నినప్పుడు కూడా అలాగేనా అని అడుగుతూనే పోయారు. అతనికి నవ్వొచ్చి పక్కకు జరిగాడు. "తియ్యుండ్రి. జరంతనే తియ్యుండ్రి."

లాక్టేటు పెరిగింది. సాయంత్రానికి మూత్రం తగ్గింది, కానీ అప్పటికే మందులు ఎక్కుతున్నాయి. ఆమె బతికింది. గెలిచామన్నాను నేను. "మన తొందర పనిచేసిందా, ఆమె ఒళ్ళే గట్టిదా? తెలీదు కదమ్మా" అన్నారు మేడమ్. ఆ తర్వాత చాలా రోజులు ఆ సంగతే అడుగుతుండేవారు.

పోయిన వారం అవే మంచాల్లో ఒకదాని మీద ఆవిడ. రెండో రిపోర్టు వచ్చాక చెప్పాలా వద్దా అని తటపటాయించాను. "దాచకు" అన్నారు. లాక్టేటు పెరిగిందన్నాను.

"మూత్రం?"

"ఇంకా బాగానే వస్తోంది మేడమ్."

"అయితే ముందు కిడ్నీ మొరాయిస్తుందో, కాలేయమో. చూస్తూ ఉండు."

ఆవిడ గొంతులో కుతూహలమే తప్ప భయం లేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ముందే తెలిసింది. చేయగలిగినవన్నీ ముందే చేశాం. అయినా అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతూ వచ్చాయి. ఎందుకో నాకు తెలీదు. అడుగుదామంటే ఆవిడ గొంతులో గొట్టం.

గురువారం పొద్దున సిరంజి పట్టుకుని మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళాను. మేడమ్ కళ్ళు తెరిచి నన్ను చూశారు. దుప్పటి మీది చేతిని మెల్లగా తనే వెల్లకిలా తిప్పి, మణికట్టు నాకేసి పెట్టారు.