మూల చుక్క

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లీ, వినండి. ఇన్నేళ్లయినా చల్లారని కోపం ఇది.

మాది బాపట్ల. అరవైల చివరి సంగతి. నా చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ మా చెల్లెలు హైస్కూలుకి వెళ్లింది. అక్కడ జనరల్ లెక్కలని తేలికవీ, కాంపోజిట్ లెక్కలని పెద్దవీ ఉండేవి; కాంపోజిట్ తీసుకుంటేనే తెనాలి కాలేజీలో లెక్కల చదువు. దాని ప్రాణమంతా ఆ చదువు మీదే. నేను పప్పు రుబ్బుతుంటే పక్కన చేరి చెప్పేది:

"రెండు గీతలక్కా. ఒకదాని మీద ఎక్కడ చూసినా ఎక్స్, వై కలిపితే అయిదు. రెండోదాని మీద ఎక్స్‌లోంచి వై తీసేస్తే ఒకటి. రెండూ కలిపెయ్యి, వై ఎగిరిపోద్ది. రెండు ఎక్స్‌లు ఆరు. ఎక్స్ మూడు, వై రెండు. గీతలు కలిసేది అక్కడే."

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. గీతలు గీసి కూడా చూపమన్నారు. మా ఇళ్లలో ముగ్గుకి మొదటి చుక్కే ఒకటి, సున్నా చుక్కంటూ ఉండదు. ఆ అలవాటున ఇది గళ్ల కాగితం మూలని ఒకటిగా లెక్కపెట్టి గీసింది. రాతలో ఎక్స్ మూడు, వై రెండు అనే ఉంది గానీ, మూలని సున్నాగా చూసిన మాస్టారికి బొమ్మలో గీతలు ఎక్స్ రెండు, వై ఒకటి దగ్గర కలిశాయి.

"బొమ్మ ఒకటీ, రాత ఒకటీనా? ఎవత్తి పేపరు చూసి రాశావే?" అని అందరి ముందూ నిలబెట్టి, జనరల్ లెక్కలకి పొమ్మన్నాడు.

నాన్నను వెంటబెట్టుకుని బడికి వెళ్లాను.

"ఇంకో లెక్క ఇవ్వండి మాస్టారూ. మీ ఎదురుగానే చేస్తదండి."

ఇచ్చాడు. చెల్లెలు బోర్డు మీద చేసింది. వచ్చిన జవాబుని రెండు గీతల లెక్కల్లోనూ వేసి, సరిపోయిందని చూపించి, సుద్దముక్క పట్టుకుని నిలబడింది. ఆయన అంతా చూశాడు. చూసి, డస్టరుతో తుడిచేశాడు.

"సరేలేమ్మా, వచ్చు. ఆడపిల్లకి ఇన్ని లెక్కలెందుకు? జనరల్ చాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. "కూరలో ఉప్పు ఓ రవ్వ ఎక్కువైతే కంచం తోసేస్తారు గదండీ, అప్పుడు మాత్రం మాకు లెక్కలు రావాలా?"

"సారు చెప్పాక ఇంకేముందే, పదండి," అన్నాడు నాన్న. ఆయన మీద నాకు మరీ కోపం.

తెనాలి ఆశ అక్కడితో సరి. దాన్ని రేపల్లె ఇచ్చారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా తెనాలిలోనే బండి మారాలి. పుస్తకాలు గుండెకి హత్తుకుని దిగే కాలేజీ పిల్లల్ని చూస్తే నా పళ్లు పటపటమనేవి.

అక్కడ చెల్లెలు వాకిట్లో చుక్కలు పెడుతూ మూల చోటు ఖాళీగా వదిలేసేది. "అది సున్నా అక్కా," అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

మీ ఇల్లు పదికాలాలు పచ్చగా ఉండాలి తల్లీ. మీ పిల్ల లెక్క సరిపోయిందని తెలిసీ తుడిచేసే చెయ్యి మీ గడప తాకకుండు గాక.