పండక్కి వదినకు ఏమిచ్చేది?

దసరా దగ్గర పడుతోందనగా మా వదిన పోయింది. వదిన అంటే మా ఆయన అక్క. పొద్దున గేదెల పాలు పితికి, క్యాన్లు బండికెక్కించి, ఛాతీలో మంటగా ఉందని గడప మీద కూర్చుందట. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. నేను కాలేజీ ఆఫీసులో ఫీజు రసీదులు రాస్తుంటే ఫోన్ వచ్చింది. మా ఆయన "అక్క..." అని ఆగిపోయాడు. మీరు ఏమనుకున్నా సరే, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆ ఆదివారం నేనూ వదినా పండగ సామాన్లకి అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. పది మందికి ఏమివ్వాలో అంతా ఆమె బుర్రలోనే ఉంది. అదంతా తనతోనే తీసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో వదినావాళ్ల ఇల్లు. పొద్దున్నే అందరం ఆ వంటింట్లో చేరాం.

"నా బిడ్డకు ఏం ఇష్టమో గవ్వే వండుండ్రి," అంది మా అత్తమ్మ, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

"చేపల పులుసు వండుత," అంది వదిన కోడలు.

"చేపల పులుసు నీకిష్టమని వండేది," అన్నాడు మా ఆయన. "ముండ్లు తీసి మీకు పెట్టుకుంట కూసునేది, అక్క ఎన్నడు తిన్నది? బగారన్నం వండుండ్రి."

"బగారన్నం నీకిష్టం," అన్నాడు వదిన భర్త. ఆయన్ని నేను అన్నయ్య అంటాను. "ఆమెకు సర్వపిండి."

"నీకు, నాయినా, సర్వపిండి," అన్నాడు కొడుకు.

అక్కడ పెద్ద లొల్లి అయింది. చచ్చిపోయిన మనిషి ఫొటో ముందు బతికున్నవాళ్లు ఒకరి ఇష్టాలు ఒకరి మీద వేసి కొట్టుకున్నారు. ప్రతి ఒక్కరూ తమకు ఆమె వండి పెట్టిందే ఆమెకు ఇష్టమనుకున్నారు. చివరికి అత్తమ్మ, "చిన్నగున్నప్పుడు మీగడల బెల్లం కలిపిస్తే నాకేది," అంది. అది కూడా చేశారు. అన్నీ ఆకులో పెట్టాం. కాకి వచ్చి, అన్నింటినీ వదిలేసి, పక్కనున్న తెల్లన్నం రెండు మెతుకులు తీసుకుని పోయింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఆ కాకి మీద కూడా విసుగొచ్చింది.

ఎందుకంటే ఈ ఇంట్లో ఎవరికి ఏం కావాలో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి దసరాకి అందరూ నాకు చీరలు పెట్టారు. వదిన ఒక చిన్న స్టీలు డబ్బా ఇచ్చింది. మాది గోదావరి వైపు. నాన్న ఉద్యోగం వల్ల ఇక్కడే సంతోష్‌నగర్‌లో పెరిగాను. మా వాళ్లు ఆ డబ్బాని చూసి మొహాలు చిట్లించారు. నా పచ్చడి గిన్నె రోజూ బ్యాగులో ఒలికి రసీదు పుస్తకాలు నూనె మరకలవుతున్న సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె మా వంటింట్లో ఒక సాయంత్రం కూర్చుని నా బ్యాగు వాసన చూసింది, అంతే.

తర్వాత తెలిసింది, ఆ డబ్బా ఎలా కొన్నదో. ప్రతి ఏడూ నన్నే వెంటబెట్టుకుని వెళ్లేది కాబట్టి చూశాను. మూత గట్టిదో కాదో తెలియాలంటే డబ్బా నిండా నీళ్లు పోయించి, తలకిందులు చేసి, కొట్టు బల్ల మీదే ఊపేది. అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణదారు తల పట్టుకున్నాడు.

"అమ్మా, డబ్బా లేనే ఆయే క్యా, దుకాన్ ధోనే ఆయే?"

"దుకాణం కడిగితే నీకే మంచిది భాయ్. ఇంకోటి తియ్యి, ఇది కారుతున్నది."

డబ్బాలన్నింట్లో నీళ్లు పోయించి, ఒక్కటీ కొనకుండా బయటికొచ్చేది. నా కాళ్లు పీకేవి. వారానికొక్క ఆదివారం నాకు దొరికేది. "వదినా, ఏదో ఒకటి తీసుకుందాం. అందరికీ ఒకటే రకం గిన్నెలు కొంటే గంటలో అయిపోతుంది కదా," అనేదాన్ని.

"గట్ల ఇచ్చుడు ఎందుకు? పంచుడు అంటరు దాన్ని," అనేది. "ఏం కొందామని నన్నడగకు. పొద్దుగాల లేవంగనె ఆ మనిషి దేన్ని తిట్టుకుంటడో చెప్పు. గప్పుడు కొందాం."

మా ఆయన పొద్దున లేవగానే స్కూటర్ తాళంచెవిని తిట్టేవాడు, ఎక్కడ పెట్టాడో కనబడక. ఆ ఏడు ఆయనకు జడకి కట్టుకునే ఎర్ర కుచ్చు ఇచ్చింది. తాళంచెవికి తనే కట్టింది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు గానీ తాళం మళ్లీ పోలేదు. అత్తమ్మ దేవుడి ముందు లేవలేక మోకాళ్లను తిట్టేది. ఉన్న పీటకే వడ్రంగి చేత ఎత్తు కాళ్లు వేయించి పండక్కి ఇచ్చింది. ఎదురింటి ఖాలా బట్టలు కుడుతుంది, చూపు తగ్గింది. రంజాన్‌కి ఆమెకు షీర్ ఖుర్మాలోకి చిక్కటి పాలతో పాటు, రంగురంగుల దారాలెక్కించిన సూదులు గుడ్డకు గుచ్చి పంపేది. ఖర్చెంత ఉంటుంది చెప్పండి వాటికి?

కానీ ఎవరికీ ఏదీ వివరించదు. అదీ నా బాధ. కోడలు వచ్చిన మొదటి దసరాకి ఆ పిల్లకు అలారం గడియారం ఇచ్చింది. ఆలస్యంగా లేస్తున్నానని ఎత్తిపొడుస్తోందని ఆ పిల్ల ఏడ్చింది, పుట్టింటికి ఫోన్ చేసింది, వాళ్లు వచ్చారు. ఇంట్లో రోజుల తరబడి మాటల్లేవు. వదిన నోరు విప్పదు. నేనే గట్టిగా అడిగాను.

"గడియారమేంటి వదినా? ఏదో ఒక చీర ఇస్తే పోయేది కదా!"

"పాలకు లేవాలెనని ఆ పిల్ల భయానికి ఊకె ఊకె లేచి టైం చూసుకుంటున్నది. గంట కొట్టేదాంక నిమ్మలంగ పండుకుంటదని ఇచ్చిన."

"ఆ మాట ఆ పిల్లతో చెప్పొచ్చు కదా?"

"సమజైతే అయితది, లేకుంటే లేదు. చెప్పుకుంట ఇచ్చుడేంది?"

మర్నాడు ఆ మాట నేనే కోడలికి చెప్పాను. ఆ పిల్ల ఇంకాస్త ఏడ్చింది. నిన్న చూస్తే గడియారం తన మంచం పక్కనే ఉంది.

ఇక ఆమెకు మనం ఏదైనా ఇవ్వాలంటే నరకం. చీర పెడితే మన ముందు ఒక్కసారి కట్టుకుని, వారం తిరక్కుండా ఎవరికో ఇచ్చేసేది. ఏం కావాలని అడిగితే, "నాకేంది పిల్లా, అన్నీ ఉన్నయ్," అనేది. ఎవరి పొద్దుటి తిట్లయినా వింటుంది గానీ తను దేన్నీ తిట్టదు. ఎలా కనిపెట్టాలి?

ఈ ఏడు మాకు పండగ లేదు. అయినా పిల్లలకు చేతిలో ఏదో ఒకటి పెట్టమని అత్తమ్మ నన్ను బజారుకు పంపింది. "నువ్వే గదా దానెంబడి తిరిగింది," అంది. వెళ్లాను. డబ్బాల దుకాణం ముందు నిలబడ్డాను. ఎవరు పొద్దున లేచి దేన్ని తిట్టుకుంటున్నారో నాకు ఒక్కటీ తెలియదు. అన్నేళ్లు ఆమె వెంట తిరిగి నేను చూసింది నా కాళ్ల నొప్పినే. ఉత్త చేతులతో ఇంటికొచ్చాను. మళ్లీ వెళ్లాను. మళ్లీ అలాగే వచ్చాను.

ఆమెకు ఇష్టమైనది ఒక్కటి మాత్రం నాకు తెలుసు. మూడో రోజు ఆ వంటింట్లో చెప్పలేదు, అది ఆకులో పెట్టేది కాదు గనుక.

నిరుడు దసరా వెళ్లాక, ఆమె పద్ధతే ఆమె మీద ప్రయోగిద్దామని ఒక మధ్యాహ్నం వాళ్ల వంటింట్లో తిష్ట వేశాను. కిటికీ దగ్గర నిలబడి చాయ్ తాగుతోంది. లోకల్ రైలు వెళ్తుంటే చాయ్ ఆపి చూసింది. అది పోయేదాకా చూసింది.

"ఎప్పుడైనా ఎక్కావా వదినా?"

"ఎక్కి ఏడికి పోవాలె? నా పనంత గీ గల్లీలనే ఉన్నది."

దొరికిందనుకున్నాను. సెలవు పెట్టి, పూరీలు కట్టుకుని, మళ్లీ పాలు పితికే వేళకు తెచ్చేస్తానని ఒట్టు పెట్టి రైలెక్కించాను. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మలక్‌పేట రాకముందే నిద్రపోయింది. బేగంపేట దగ్గర లేపబోయాను, లేవలేదు. చివరి స్టేషన్ లింగంపల్లిలో పెట్టె ఖాళీ అయింది, మళ్లీ నిండింది, అదే రైలు వెనక్కి తిరిగింది. నేను ఒక్కదాన్నే పూరీలు తింటూ లోలోపల ఉడికిపోయాను. ఊరంతా చూపిద్దామని తీసుకొస్తే ఒక్క చెట్టయినా చూడలేదే!

కాచిగూడ దాటాక కళ్లు తెరిచింది. "వచ్చిందా లింగంపల్లి?"

"వెళ్లి తిరిగి కూడా వచ్చేశాం వదినా," అన్నాను కటువుగానే.

ఆమె నా మొహం చూసి నవ్వింది. "మస్తు నిద్రపట్టింది పిల్లా. ఎవ్వలు పిలువలే."

మళ్లీ పోదామంది. ఒకసారి గేదె ఈనింది, ఒకసారి నాకు సెలవు దొరకలేదు, ఒకసారి వాన. పోలేదు.

ఆ రోజు దబీర్‌పురాలో దిగాక గల్లీ మొదట్లోనే ఎవరో పాల కోసం పిలిచారు. వస్తున్నానంటూ కొంగు నడుముకు దోపుకుంది. ఆనుకుని పడుకున్న కిటికీ కమ్మీ గీత ఆమె చెంప మీద ఎర్రగా అచ్చుపడి ఉంది. ఆ గీతతోనే కొట్టంలోకి వెళ్లి, గేదె పక్కన గొంతుక్కూర్చుని, చెంబు అందుకుంది.