గొట్టం స్పీకర్లో నార్వే దేవుళ్ళు

తొంభైల చివర్లో నేను కాలేజీలో చదివే రోజుల్లో, తొండియార్‌పేటలోని మా వీధి మొత్తం మీద పేగన్ మెటల్ అనే అరుపుల రాక్ సంగీతం వినే మనిషిని నేనొక్కదాన్నే. మద్రాసులో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలీదు.

ఈ పిచ్చి అంటించింది ఎదురింటి అన్న. ఆయన ఓడలో వంటవాడు. ఊరొచ్చినప్పుడల్లా వీధిలోవాళ్ళకి సబ్బులూ చాక్లెట్లూ తెచ్చేవాడు. ఒకసారి నా వంతు వచ్చేసరికి చాక్లెట్లు అయిపోయాయి. నార్వే నావికుడొకడు ఇచ్చిన క్యాసెట్టు నా చేతిలో పెట్టాడు.

"నాకు తల నొస్తా ఉండాది మా. నీకు ఇంగ్లీషొచ్చు గదా, నువ్వు విను."

అందులో ఇంగ్లీషు ఒక్క ముక్క లేదు. మొదట పెళ్ళి ఊరేగింపులోలా హుషారైన ఫిడేలు. దాని వెనక గుర్రాలు తరుముకొస్తున్నట్టు డ్రమ్ములు. ఆపైన గొంతులో ముల్లు దిగిన పులిలా ఒకాయన అరుపు. చర్చిలు రాకముందు నార్వేవాళ్ళు కొలిచిన ఉరుముల దేవుడి మీదా, అడవితల్లి మీదా పాటలట. మొదటి పాట అయ్యేసరికి నేను వాళ్ళ మనిషినైపోయాను.

"ఎవురే ఆయన? కడుపునొప్పా?" అని అమ్మ వంటింట్లోంచి కేకేసేది. అరుపుకన్నా ఆమెని బాధపెట్టింది నేను వినే తీరు. జడ విప్పేసి, మంచం అంచున కూచుని, డ్రమ్ములకి తగ్గట్టు తల ఊపేదాన్ని.

"ఆడబిడ్డ జుట్టిరబోసుకోని ఊగతా ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎవురు చూస్తారు మా?"

"నేను చూస్తా ఉండానే!"

ఆ ఏడు ఆడి నెలలో, అంటే మన ఆషాఢం రోజుల్లో, మా వీధి అమ్మవారికి అంబలి పోసే రోజు, మైక్ సెట్టువాడి టేప్ రికార్డరు చెడిపోయింది. పండగ పెద్ద మా వీధి బియ్యం కొట్టాయనే. ఆయన వచ్చి అడిగితే అమ్మ నా టేప్ రికార్డరు ఎత్తి ఇచ్చేసింది. లోపల క్యాసెట్టుందని చూడలేదు. మైక్ సెట్టువాడూ చూడలేదు. భక్తి పాటలనుకుని బటన్ నొక్కి, భోజనానికి పోయాడు.

నేను కాలేజీ నుంచి వచ్చి వీధి మలుపు తిరిగేసరికి గొట్టం స్పీకర్లో నా ఫిడేలు మోగుతోంది.

గిన్నెలతో వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు పైకి చూస్తున్నారు. అరుపు మొదలవగానే అంబలి పోసేవాడి గరిటె గాల్లోనే ఆగింది. ఏటేటా సామి వచ్చి పూనకంతో ఊగే మా వీధి పెద్దమ్మ ముందుకి ఒక అడుగేసి నిలబడిపోయింది. ఆ తాళం ఆమెకి అందలేదు.

నాకు అందింది. అన్నాళ్ళూ తలుపేసుకుని, శబ్దం తగ్గించుకుని విన్న పాట, వీధి వీధంతా అదిరేలా మోగుతోంది. నా తల నా మాట వినలేదు. క్లిప్పు ఎటో ఎగిరిపోయింది.

కళ్ళు తెరిచేసరికి నా చేతిలో వేపమండ ఉంది. నెత్తిన ఎవరో పసుపునీళ్ళు పోశారు. బియ్యం కొట్టాయన చేతులు జోడించి నిలబడ్డాడు.

"తల్లీ, యా ఊరి అమ్మవు నువ్వు? ఏం కావాల?"

"పాట ఆపొద్దు" అన్నాను.

"ఆపొద్దంట! ఎవురూ ముట్టుకోబాకండి రా!"

ఇక ఆ వైపు క్యాసెట్టంతా ఊగక తప్పలేదు. మధ్యలో ఒకామె వచ్చి, కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగింది. "వస్తాయి" అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. అంతలో అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. అందరి ముందూ భక్తిగా దణ్ణం పెట్టి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఇంటికి రా, చెప్తా."

పెద్దమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "ఇన్నేండ్లు నా మిందికే వస్తా ఉండిన తల్లి, ఈ కాలేజీ పిల్ల మిందికి ఎట్టొస్తాది?" అని అందరి దగ్గరా పోట్లాడింది. మెడ పట్టేసి నేను తల తిప్పలేక తిరుగుతుంటే, వీధిలో వాళ్ళంతా నాకు తప్పుకుని దారిచ్చారు. అది ఆమెకి ఇంకా మండింది. మాతో మాటలు మానేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమే వచ్చింది. వంటింటి వైపు ఒకసారి చూసి, నా మంచం మీద కూచుంది.

"ఆ పాట పెట్టు. తాళం యాడ పట్టుకోవాల్నో నాకు తెలియాల" అంది నెమ్మదిగా.

ఇది సామి పాటేనా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పెట్టాను. రెండో డ్రమ్ము దెబ్బ మీద చెయ్యి తట్టి చూపించాను. మొదటిసారి తప్పింది, రెండోసారి తప్పింది, ఆ తర్వాత పట్టుకుంది. పట్టుకున్నాక మాత్రం నాకన్నా బాగా ఊగింది. అమ్మ కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూసింది. గ్లాసులు కింద పెట్టి లోపలికి పోయింది.

క్యాసెట్టు ఆగాక పెద్దమ్మ జుట్టు ముడి వేసుకుని కాఫీ అందుకుంది.

"పాట బాగుండాది. ఆ అరిచే అబ్బి గొంతు మాత్రం పాడైపోతాది. మిరియాల కషాయం తాగమని చెప్పు."